మా మామ కళ్లు బాగానే ఉన్నాయి

దసరాకు మా పెద్దోడు బెంగళూరులో కూర్చుని ఆర్డర్ పెడితే, కర్నూలు పాతబస్తీలో మా సందులోకి 43 అంగుళాల టీవీ ఒకటి ఆటోలో వచ్చి దిగింది. అంతకుముందు మాకున్నది 21 అంగుళాల డబ్బా టీవీ. దానికీ ఒక కథ ఉంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చినప్పుడు మేం మిద్దె మీద ఉన్నాం, అప్పటి టీవీ కింద నీళ్లలో ఉంది. బురదంతా ఎత్తిపోసుకుని కాస్త కుదురుకున్నాక, ఆ సంక్రాంతికి మా మామ తన పెన్షన్ డబ్బుల్లోంచి ఈ 21 అంగుళాలది కొన్నారు. డిష్ కూడా అప్పుడే పెట్టించారు. దాని ఎదురుగా ఆయన పడక కుర్చీ వేసుకున్న చోటు ఈ పదిహేనేళ్లలో ఒక్క జానెడు కూడా మారలేదు. మా హాల్లో పరిచినవి బేతంచెర్ల బండలు. వాటి మీద ఆ కుర్చీ నాలుగు కాళ్లకీ నాలుగు తెల్లటి మచ్చలు పడ్డాయి.

కొత్త టీవీ బిగించడానికి వచ్చిన కుర్రాడు పావుగంటలో పని ముగించాడు. గోడకు తగిలించాడు, పాత సెట్‌టాప్ బాక్స్ నుంచి పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు లాక్కొచ్చి టీవీ వెనక గుచ్చాడు. బొమ్మ వచ్చింది, సంతకం పెట్టించుకున్నాడు, వెళ్లిపోయాడు. బొమ్మ వస్తే పనైపోయినట్టేనని మేమూ అనుకున్నాం.

మామ రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు రాత్రి వార్తలు చూస్తూ మొదలుపెట్టారు. "ఏంటికమ్మా ఇంత పెద్దది? నీళ్లలో బొమ్మ చూసినట్టుంది. పాత దాంట్లోనే బాగుండె."

మర్నాడు ఇంకొకటి. "ముఖాలన్నీ గుమ్మడికాయల్లా ఉన్నాయేందమ్మా?" ఆ తర్వాత రోజు, "అందరూ పెళ్లికి పౌడరు కొట్టుకొని వచ్చినట్టున్నారు." ఇంకో రోజు, "మనిషి చుట్టూ బలపంతో గీత గీసినట్టు ఉంది చూడు."

మా ఆయన దీన్ని వయసు ఖాతాలో రాసేశాడు. మామకు 79. శుక్లాల ఆపరేషన్ అయి ఆరేళ్లయింది, మళ్లీ పొర ఏమన్నా కమ్మిందేమోనని ఒక శనివారం కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ లైటు వేసి చూసింది, గోడ మీది అక్షరాలు చదివించింది. మామ చివరి వరుసకు ముందు వరుస దాకా గడగడా చదివేశారు. అదే వరుస దగ్గర మా ఆయన తడబడ్డాడు. "పెద్దాయన కళ్లు మీకంటే బాగున్నాయి సార్, ఆ టీవీని ఎవరికన్నా చూపించండి" అందామె నవ్వుతూ.

చూపించడానికి ఎవరున్నారు? నేను కోడుమూరు వైపు ఒక జెడ్పీ హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఆదివారం పొద్దున్నే రిమోట్లు రెండూ పట్టుకుని కూర్చున్నాను. మామ చెప్పిన మాటలన్నీ ఒక పాత పరీక్ష పేపరు వెనక రాసుకున్నాను. ఒక్కో మాటకూ ఒక్కో కారణం దొరికిందంటే నమ్మండి. ఒక్కటీ ఉత్తినే అన్న మాట కాదు.

గుమ్మడికాయల సంగతి ముందు తేలింది. పాత టీవీ వెడల్పు, ఎత్తు 4:3 నిష్పత్తిలో ఉండేది. కొత్తది 16:9. మా సెట్‌టాప్ బాక్స్‌కు మాత్రం టీవీ మారిందన్న సంగతి ఎవరూ చెప్పలేదు. 2010లో పెట్టిన 4:3 సెట్టింగే ఇంకా నడుస్తోంది. అంటే వెడల్పాటి బొమ్మ వస్తే బాక్స్ దానికి పైనా కిందా నల్లపట్టీలు వేసి, పాత టీవీకి సరిపోయేలా కుదించి పంపుతుంది. కొత్త టీవీ ఆ కుదించిన బొమ్మను పట్టీలతో సహా అడ్డంగా సాగదీసి గోడ నిండా పరుస్తుంది. ఇక ముఖాలు గుమ్మడికాయలు కాక ఏమవుతాయి? పైగా ఇంకో నష్టం. మామూలు చానల్ బొమ్మలో 576 గీతలు ఉంటాయి. పట్టీలు వేస్తే అసలు బొమ్మకు మిగిలేది 432. నాలుగో వంతు నలుపుకే పోతోంది. బాక్స్ మెనూలోకి వెళ్లి 4:3 తీసి 16:9 పెట్టాను. సీరియల్‌లో అత్తగారు ఒక్క నిమిషంలో పది కిలోలు తగ్గింది. మామ కుర్చీలోంచి ముందుకు వంగి, "ఆ, ఇప్పుడు మనిషి మాదిరి ఉంది" అన్నారు.

అప్పుడే ఇంకొకటి కూడా గమనించాను. వార్తల చానల్లో కింద పరుగెత్తే అక్షరాలు సగం తెగుతున్నాయి. బొమ్మను కొంచెం పెద్దది చేసి అంచులు తెరకు అవతల పడేయడం డబ్బా టీవీల నాటి అలవాటు, ఇప్పటి టీవీలు కూడా దాన్ని వదల్లేదు. దాన్ని మాన్పించే సెట్టింగుకు ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది: జస్ట్ స్కాన్, స్క్రీన్ ఫిట్, ఇంకేదో. మా టీవీలో అది పిక్చర్ సైజు కింద దాక్కుని ఉంది. అది పెట్టగానే అక్షరాలు పూర్తిగా బయటికి వచ్చాయి.

పెళ్లి పౌడరు సంగతికొస్తే, టీవీ వివిడ్ అనే మోడ్‌లో ఉంది. అది షోరూం కోసం చేసిన మోడ్. వంద ట్యూబ్‌లైట్ల కింద పక్క టీవీని ఓడించడానికి రంగులు గట్టిగా కొట్టి, తెలుపుకు నీలం కలుపుతారు. ఇంట్లో అదంతా ఎందుకు? నేను సినిమా మోడ్‌లోకి మార్చాను. మా ఆయన వెంటనే "పసుపు పచ్చగా అయిపోయిందే, కామెర్లు వచ్చినట్టు" అన్నాడు. రెండు రోజులు ఓపిక పట్టమన్నాను. మూడో రోజు మళ్లీ వివిడ్ పెట్టి చూపిస్తే, "అబ్బా, ఆ నీలం తీసెయ్" అని ఆయనే అన్నాడు. కన్ను అంత తొందరగా అలవాటు పడుతుంది, అటైనా ఇటైనా.

బలపం గీత అంటే షార్ప్‌నెస్. ఆ పేరు చూసి నేనూ మోసపోయాను, పెంచితే బొమ్మ స్పష్టంగా వస్తుందనుకున్నాను. నిజానికి అది లేని వివరాన్ని తెచ్చిపెట్టదు. ముదురు రంగు, లేత రంగు కలిసే చోట ఒక తెల్ల అంచు గీస్తుంది, అంతే. మామూలు చానల్లో ఆ అంచుతో పాటు బొమ్మలోని మురికి కూడా పైకి తేలుతుంది. యాభై ఉన్నదాన్ని పదికి దించాను. బ్రైట్‌నెస్ కూడా అలాంటి పేరే. వెలుగు పెంచుతుందనుకుంటాం, కానీ మా టీవీలో అది సర్దేది నలుపును. ఎక్కువైతే నల్లజుట్టు బూడిద రంగు అవుతుంది, తక్కువైతే జుట్టు, నల్లచొక్కా, వెనక చీకటి అన్నీ ఒకే ముద్ద అవుతాయి. నేను ఒక పాత సినిమాలో రాత్రి సన్నివేశం దగ్గర ఆపి, హీరో జుట్టులో పాయలు కనిపించే దాకా సర్దాను. గది వెలుగును బట్టి మార్చాల్సింది బ్యాక్‌లైట్‌ని, అంటే తెర వెనక దీపాన్ని. మాకు పడమటి కిటికీ ఉంది, కర్నూలు ఎండ గురించి మీకు చెప్పేదేముంది. సాయంత్రం నాలుగింటికి తెర మీద సినిమా కంటే మా కిటికీయే బాగా కనిపిస్తుంది. ఏ సెట్టింగూ దాన్ని ఆపలేదు, మందపాటి దుప్పటి ఒకటి కర్టెనుగా కట్టాను. కరెంటు పొదుపు మోడ్ కూడా తీసేశాను, అది ఉంటే తెర ఎప్పుడు పడితే అప్పుడు తనంతట తానే మసకబారేది.

ఇంతా చేసినా "నీళ్లలో బొమ్మ" మాత్రం పోలేదు.

ఈలోపు సలహాలు మొదలయ్యాయి. పక్కింటి అన్న "సిగ్నల్ సరిగా లేదు, డిష్ తిప్పించండి" అన్నాడు. మా ఆయన వేపచెట్టు అడ్డం వస్తోందన్నాడు. మా పెరట్లో డిష్‌కు పన్నెండు అడుగుల దూరంలో ఒక వేపచెట్టు ఉంది, వరదలో కూడా నిలబడిన చెట్టు. దాని తల డిష్ కంటే ఆరేడడుగులు ఎత్తు పెరిగింది. కొమ్మలు కొట్టించడానికి మనిషిని కూడా మాట్లాడేశాడు.

నేను పదో తరగతి పిల్లలకు ఊర్ధ్వకోణం లెక్కలు చెప్పీ చెప్పీ అరిగిపోయిన దాన్ని. మా డిష్ చూసే ఉపగ్రహం కర్నూలు నుంచి చూస్తే ఆకాశంలో 60 డిగ్రీలకు పైనే ఉంటుంది. టాన్ 60 అంటే రూట్ 3, అంటే 1.732. పన్నెండు అడుగుల దూరంలో ఉన్న చెట్టు అడ్డం రావాలంటే డిష్ కంటే కనీసం ఇరవై అడుగులు ఎత్తు ఉండాలి. ఆరేడడుగుల ఎత్తు ఏం అడ్డం? అందరికీ అనుమానం ఎక్కడొస్తుందంటే, డిష్ నిటారుగా నిలబడి ఎదురింటి గోడను చూస్తున్నట్టు కనిపిస్తుంది. కానీ ఈ చిన్న డిష్‌ల ఒంపు అలా చేసింది, దాని చూపు కనిపించేదాని కంటే చాలా పైకి ఉంటుంది. ఇక దిక్కు అంటారా, మా డిష్ చూసే ఉపగ్రహం జీశాట్-15 తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల మీద ఉంది, మన కర్నూలు 78 మీద. లెక్కేస్తే మనకు సరిగ్గా ఆగ్నేయం. కింద వంటిల్లు ఆగ్నేయం, పైన డిష్ చూపు ఆగ్నేయం. వాస్తు సిద్ధాంతులు ఇంకా దీన్ని వాడుకోలేదెందుకో. మొత్తానికి వేపచెట్టు బతికింది.

డిష్ తిప్పమన్న అన్నకు జవాబు ఇంకా సులువు. యాంటెన్నా కాలంలో మిద్దె మీద ఒకరు గొట్టం తిప్పుతుంటే, కింద ఒకరు "వచ్చె వచ్చె... పాయె" అని అరిచేవాళ్లం. అప్పుడు సిగ్నల్ కొంచెం తగ్గితే బొమ్మ కొంచెం చెడేది. చుక్కలు పడేవి, మసక అయ్యేది. ఇప్పుడొచ్చేది అంకెల రూపంలో. అంకెలు సరిగ్గా అందితే బొమ్మ పంపినది పంపినట్టే వస్తుంది. అందకపోతే గడులు గడులుగా పగిలి, ఆ తర్వాత నల్లగా అయిపోతుంది. బొమ్మ మసకగా ఉందంటే సిగ్నల్ తప్పు కాదు. బాక్స్ మెనూలో స్ట్రెంగ్త్, క్వాలిటీ అని రెండు గీతలుంటాయి. వాటిలో క్వాలిటీ బాగుంటే చాలు, దాన్ని ఇంకా పైకి లాగినా మామ చూసే బొమ్మ ఒక్క పిసరు కూడా మెరుగవదు.

అయితే మిద్దె ఎక్కినందుకు ఒక లాభం జరిగింది. చినుకు పడితే చాలు మా టీవీ గడులు గడులుగా పగిలేది. జడివాన కురిసినప్పుడు కాసేపు పోవడం సహజమే, ఆ తరంగాలను వాన చుక్కలు మింగేస్తాయి. తుంపరకే పోవడం మాత్రం సహజం కాదు. చూస్తే డిష్ ముందు సిగ్నల్‌ను పట్టుకునే ముక్క, ఎల్‌ఎన్‌బీ అంటారు, దాని దగ్గర వైరు పిన్ను తుప్పు పట్టి ఆకుపచ్చగా ఉంది, పైన చుట్టిన టేపు ఎండకు పెంకులు కట్టింది. వైరు కొస జానెడు కోయించి, కొత్త పిన్ను వేయించి, రబ్బరు టేపు చుట్టించి, నీళ్లు పిన్నులోకి జారకుండా వైరును కిందికి ఒక వంపు వేయించాను. తుంపర జబ్బు పోయింది.

ఇక నీళ్లలో బొమ్మ. ఒక రాత్రి పేపర్లు దిద్దుతూ ఆ పక్కనే లెక్క వేశాను. మామూలు చానల్ బొమ్మ 720 చుక్కలు అడ్డంగా, 576 నిలువుగా. గుణిస్తే 4,14,720. మా తెర 3840 ఇంటూ 2160, అంటే 82,94,400. రెండోదాన్ని మొదటిదాంతో భాగించి చూడండి. శేషం లేకుండా సరిగ్గా ఇరవై వస్తుంది! అంటే వచ్చే ఒక్కో చుక్క నుంచి టీవీ ఇరవై చుక్కలు నింపాలి. ఉన్నది ఒక్కటి, మిగతా పందొమ్మిదీ దాని ఊహ. ఒక్క ఓళిగ ఉండను పెనమంతా సాగదీస్తే చిరుగులు పడవా? పాత 21 అంగుళాల తెర వైశాల్యంలో దీనిలో నాలుగో వంతు. చిన్న తెర మీద, ఆ గాజు వెనక, అన్ని లోపాలూ మెత్తగా కలిసిపోయేవి. పాత దాంట్లోనే బాగుండె అని మామ అన్నది అక్షరాలా నిజం.

కూర్చునే దూరం కూడా ఇందులోదే. మామూలు బొమ్మను తెర ఎత్తుకు ఆరింతల దూరం నుంచి చూడాలంటారు. పాత టీవీ తెర ఎత్తు సుమారు పన్నెండున్నర అంగుళాలు, దానికి ఆరింతలంటే ఆరడుగుల పైచిలుకు. టేపు పెట్టి కొలిస్తే మామ కుర్చీ మచ్చలు సరిగ్గా అక్కడే ఉన్నాయి. ఎవరు చెప్పారాయనకు? కొత్త తెర ఎత్తు 21 అంగుళాలు, ఆరింతలంటే పదిన్నర అడుగులు. మా హాలే పదకొండడుగులు. కుర్చీ వెనక్కి జరిపి గోడకు ఆనించాను. బొమ్మ వెంటనే తేరుకుంది. మామ మాత్రం "సినిమా హాల్లో బెంచీ టికెట్టు వాడిని బాల్కనీలో కూర్చోబెట్టినట్టుంది" అని గొణిగారు. ఫ్యాను గాలి కూడా అక్కడికి సరిగా రాదు.

దీనికి అసలు మందు హెచ్‌డీయే, అంటే ఎక్కువ చుక్కలతో వచ్చే బొమ్మ. ఆ ఉత్సాహంలో నేనొక తెలివితక్కువ పని చేశాను. ముందు రాజ్‌విహార్ సెంటర్‌కు వెళ్లి హెచ్‌డీఎంఐ వైరు కొన్నాను. షాపతను బంగారు పూత వైరు చూపించి పదిహేను వందలన్నాడు. మీటరున్నర వైరులో అంకెలు పోవడానికి బంగారం ఎందుకని, రెండొందల యాభై రూపాయలది తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే మా పాత బాక్స్‌కు ఆ వైరు పెట్టే రంధ్రమే లేదు. మా ఆయన వారం రోజులు నవ్వాడు.

ఫోన్ చేసి హెచ్‌డీ బాక్స్ తెప్పించాం. బిగించడానికి వచ్చినతను బాక్స్ విప్పి, చేతికందిన ఆ మూడు రంగుల వైర్లే మళ్లీ గుచ్చబోయాడు! నేను అడ్డం వెళ్లి నా వైరు చేతికిచ్చాను. పసుపు వైరులో వెలుగూ రంగూ అంతా ఒకే దారాన కలిపి పంపుతారు. అందుకే ఎర్రచీర అంచు పక్కకు పాకినట్టు కనిపిస్తుంది. దానికి మామూలు బొమ్మను మోసే శక్తే ఉంది, హెచ్‌డీని మోయలేదు. హెచ్‌డీ బాక్స్ పెట్టుకుని పసుపు వైరుతో చూడటమంటే నెల నెలా డబ్బు కట్టి పాత బొమ్మే చూడటం. ఎన్ని ఇళ్లలో అలా నడుస్తోందో. బాక్స్ మెనూలో అవుట్‌పుట్ కూడా తక్కువలో ఉంటే 1080 గీతలకు పెంచాను.

మర్నాడు సాయంత్రం స్కూలు నుంచి వచ్చి, "ఎలా ఉంది మామా?" అన్నాను గర్వంగా.

"ఏం తేడా లేదమ్మా."

నా గుండె జారిపోయింది. రెండు రోజులు వైరు పీకి పెట్టాను, సెట్టింగులు మళ్లీ చూశాను. మూడో రోజు ఆయన పక్కనే కూర్చుంటే అర్థమైంది. ఆయన వేలికి పదిహేనేళ్లుగా కంఠతా వచ్చిన చానల్ నంబరు ఒకటుంది, చీకట్లో కూడా నొక్కగలరు. అది మామూలు చానల్ నంబరు. అదే చానల్ హెచ్‌డీది వేరే నంబరు. ఇంట్లో హెచ్‌డీ బాక్స్, హెచ్‌డీ వైరు, హెచ్‌డీ ప్యాకేజీ అన్నీ ఉన్నాయి, చూస్తున్నది మాత్రం పాతదే.

"మామా, ఈ నంబరు నొక్కి చూడండి."

నొక్కారు. వార్తలు చదివే అమ్మాయి వచ్చింది. మామ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఈ పిల్లకు గడ్డం మీద చిన్న పుట్టుమచ్చ ఉందే, ఇన్నేళ్లూ చూడనేలేదు" అన్నారు.

ఆయన రోజూ చూసే అయిదు చానళ్ల హెచ్‌డీ నంబర్లు చీటీ మీద పెద్దక్షరాల్లో రాసి, రిమోట్ వెనక పారదర్శక టేపుతో అతికించాను. కదలికను నునుపు చేసే మోషన్ సెట్టింగు ఒకటి మిగిలింది, అదీ తీసేశాను. సినిమాకు సెకనుకు 24 బొమ్మలు ఉంటాయి, మధ్యలో టీవీ సొంతంగా బొమ్మలు కల్పించి నింపుతుంది, దాంతో ఎంత పెద్ద సినిమా అయినా సీరియల్ లాగా కనిపిస్తుంది. క్రికెట్‌కు బాగుంటుందని మా ఆయన గొడవ. మ్యాచ్ రోజు ఆయన పెట్టుకుంటాడు, తర్వాత నేను తీసేస్తాను.

మొన్న ఆదివారం హాలు తుడుస్తున్నాను. గోడకు ఆనించిన పడక కుర్చీ అక్కడ లేదు. ముందుకు వచ్చేసింది, ఫ్యాను కిందికి. మామ అందులో వెనక్కి వాలి నలుపు తెలుపు సినిమా చూస్తున్నారు, తెరకు రెండు పక్కలా నల్లపట్టీలు అలాగే వదిలేసి. హెచ్‌డీకి మూడింతల దూరం చాలు, 21 అంగుళాలకు మూడింతలంటే అయిదడుగుల మూడంగుళాలు, ఆరడుగుల దగ్గర ఇబ్బందేమీ లేదు. వంగి చూశాను. కుర్చీ నాలుగు కాళ్లూ పాత మచ్చల మీదే ఉన్నాయి. కాళ్ల చుట్టూ తడిగుడ్డ తిప్పి అవతలికి వెళ్లిపోయాను.